పది ఫైళ్లలోనూ ఉన్న మనిషి

ఆస్ట్రేలియాలోని డార్విన్, ఉగాదికి ముందు శనివారం సాయంత్రం. జనార్దనరావు గారి డైనింగ్ టేబుల్ మీద పక్కింటి చైత్ర ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఆయన భార్య వసంత వంటగదిలో ఉంది.

"మళ్లీ ఈ నల్ల తెరేనా? ఒక బొమ్మా లేదు, బటనూ లేదు. ఏంటమ్మా చైత్రా ఇది?"

"కమాండ్ లైన్ అంకుల్. మనం అడుగుతం, అది చెప్తది. అంతే."

"అయితే అడుగు. మన తెలుగు సంఘం పెట్టాక వచ్చిన పది ఉగాదుల్లో ఒక్కటి కూడా మానని మనిషెవరు అని. నేనే అంటుంది. అదే కమిటీకి పంపెయ్. ఈలోగా నేను పంచె ఇస్త్రీ సంగతి చూసుకుంటా."

"ఆగుండ్రి అంకుల్. పది పండగలకి వచ్చినోళ్ల పేర్లు పది ఫైళ్లల్ల ఉన్నయ్. అన్నీ ఒక్కదాంట్లనే వేస్తే ఏమైతుండె?"

"ఎలా వేస్తామమ్మా! కొత్త సెక్రటరీ వచ్చాడంటే పాత సెక్రటరీ ఫైలు ముట్టుకోడు. మనవాళ్లలో అదొక ఆచారం. నేను సెక్రటరీగా ఉన్నప్పుడు నేనూ ముట్టుకోలేదు."

"అందుకే అన్నీ అటాచ్ చేస్తున్న. పది డబ్బాలూ మూతలు తీసి పక్కపక్కన పెట్టినట్టు. ఇగ అన్నిట్ల ఒకేసారి వెతకొచ్చు."

"పోపులపెట్టె లాగా అన్నమాట."

"కరెక్ట్ ఆంటీ!"

"వసంతా, నువ్వు వంటగదిలోంచి వంత పాడకు. ఒక్క ఉగాదీ మానని మనిషే ఈసారి పండగ దీపం వెలిగించాలని కమిటీ రూలు. అది నేనా, ఆ లక్ష్మీనారాయణా అని ఇక్కడ తేలుతోంది. ఒక్క ఉగాదీ మానలేదని వాడు ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు."

"మీరూ అదే చెప్పుకు తిరుగుతున్నారుగా."

"నేను చెప్పేది నిజం! ... అదేంటమ్మా, నీ తెరకి ఉలుకూ పలుకూ లేదు?"

"సారీ అంకుల్, చివర సెమికోలన్ మర్చిపోయిన. అది పడేదాక, ఇంకా ఏమన్న చెప్తరేమో అని వింటనే ఉంటది."

"అదృష్టవంతురాలివి. ఈ ఇంట్లో నా మాట అంత ఓపిగ్గా వినేవాళ్లు లేరు."

"వచ్చింది! లక్ష్మీనారాయణ అంకుల్... తొమ్మిది."

"అద్దీ! మానాడు! ఒకటి మానాడు! వసంతా, విన్నావా?"

"విన్నానండీ."

"జనార్దనరావు అంకుల్..."

"పది."

"తొమ్మిది."

"ఏంటీ? మళ్లీ చూడు. సరిగ్గా చూడు."

"నాలుగో ఫైల్ల మీ పేరు లేదు అంకుల్."

"ఆ ఏడు సెక్రటరీ బాలమురళి. వాడి రాత వాడికే తెలీదు. పేర్లతో వద్దు, ఫోన్ నంబరుతో వెతుకు. గేటు దగ్గర ఇంటికో నంబరు రాయించుకుంటారు. నంబరు అబద్ధం చెప్పదు. కొట్టు, సున్నా నాలుగు..."

"ఊఁ... ఊఁ... అయ్యో, పది! అంకుల్, ఈ నంబరు పది ఫైళ్లల్లనూ ఉంది!"

"చెప్పానా! వసంతా, పట్టుపంచె తియ్యి! ఆ లక్ష్మీనారాయణకి నేనే చెప్తా. నా ఫోనేదీ?"

"అంకుల్..."

"కళ్లజోడు కింద ఉంటుంది చూడు."

"అంకుల్, ఒక్క మాట. ఈ నంబరు నా ఫోన్ల వసంత ఆంటీ అని ఉంది."

"ఆ... అంటే... ఎక్కడ అడిగినా నేను మీ ఆంటీ నంబరే ఇస్తాను. నాకు ఫోన్లెత్తే అలవాటు లేదు. మొగుడూ పెళ్లాల్లో ఎవరి నంబరైతే ఏంటి?"

"నాలుగో ఫైల్ల పేరు కూడా ఆంటీదే. ఒక్కరే వచ్చినట్టుంది."

"ఆ రోజు నాకు ఒంట్లో నలతగా..."

"బారమండి."

"వసంతా!"

"చేపలకి వెళ్లారమ్మా చైత్రా. వానలు తగ్గి నదిలో బారమండి తెగ పడుతోందని, పండగ పూట తెల్లారకుండానే పడవేసుకుని వెళ్లారు. ఆ పడవ ఎవరిదో అడుగు."

"ఎవరిది అంకుల్?"

"దాందేముంది, ఇప్పుడదంతా ఎందుకు..."

"అంకుల్?"

"లక్ష్మీనారాయణది."

"అంటే ఆ అంకుల్ మానింది కూడా..."

"మరే. ఇద్దరూ కలిసే మానారు."

"వాడు బయటపెట్టడనుకున్నానమ్మా. నేను బయటపెట్టనని వాడూ అనుకునుంటాడు."

"చేపన్న పడ్డదా?"

"ఒక్కటీ పడలేదు. ఎండకి వీపు కాలింది. చైత్రా, నా బంగారుతల్లివి కదూ, ఆ నాలుగో ఫైల్లో ఒక్క పేరు మార్చెయ్."

"రీడ్ ఓన్లీగ తెరిచిన అంకుల్. చదువుడే, రాసుడు లేదు."

"మరి దీపం ఎవరు వెలిగిస్తారు? నేనూ కాక, వాడూ కాక, ఒక్క ఉగాదీ మానని మనిషి ఈ ఊళ్లో ఇంకెవరున్నారని?"

"ఇందాకటి సంది తెర మీద ఉన్నది అదే కద అంకుల్. ఆ నంబరు పక్కన పది ఫైళ్లల్లనూ ఆంటీ పేరుంది."

"ఏదీ... వసంతా? నువ్వా?"

"ఆ ఏడు పచ్చడి గిన్నె ఒడిలో పెట్టుకుని నేనే కారు నడుపుకుంటూ వెళ్లాను. ఇంకో ఏడు జ్వరంతో వెళ్లాను. మీకు గుర్తుండదులెండి."

"ఇన్నాళ్లూ ఒక్కసారీ చెప్పలేదేం?"

"అడిగారా?"

"ఆంటీ పేరు పంపాల్నా అంకుల్?"

"ఆగమ్మా, ఆగు. అసలు ఈ దిక్కుమాలిన రూలు ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రతి ఏడూ ఎవరో ఒక పెద్దమనిషిని పిలిచి దీపం వెలిగించమనేవాళ్లు, సుఖంగా ఉండేది. మానని మనిషే వెలిగించాలని కమిటీ చెవినేసిన బుద్ధిమంతుడెవడు?"

"ప్రతి ఏడూ కుందులు తోమి, నూనె పోసి, వత్తులు వేసి పక్కకి తప్పుకునేదాన్ని. అగ్గిపుల్ల మీలో ఎవరో గీసేవారు. ఒక్కసారి నేను గీయాలనిపించిందండీ, చాలా అనిపించింది. కమిటీకి ఆ రూలు చెప్పింది నేనే."