సూదిమొనంత వెలుతురు

మందుల కంపెనీలో, ప్యాకింగ్ హాలు పక్కనున్న పరీక్షల గది. అక్క సరుకు తనిఖీ చేస్తుంది. తమ్ముడు మాత్రలకు ఫాయిల్ అంటించే మిషను నడుపుతాడు.

“లైటు మీద పెట్టి చూడరా. కనిపిస్తున్నాయా?”

“ఏంటి?”

“చుక్కలు. ఫాయిల్లోంచి వెలుతురు వస్తోంది.”

“మరకలేమో అక్కా.”

“మరకల్లోంచి వెలుతురొస్తుందా? నా దగ్గరా నీ నాటకాలు!”

“సూదిమొనంత కూడా లేవు. వెంట్రుక కూడా దూరదు.”

“వెంట్రుక దూరక్కర్లేదు, తేమ దూరితే చాలు. చవగ్గా ఏ ప్లాస్టిక్కో చుట్టేయక ఈ ఫాయిల్ ఎందుకు వాడుతున్నాం? గాలి, వెలుతురు, తడి, ఏదీ లోపలికి పోదని. ఒక మాత్ర చింపుకున్నా పక్కది దాని రోజు వచ్చేదాకా చెక్కుచెదరదని. ఇదిగో, ఈ మాత్ర ముట్టుకో.”

“... పొడైపోతోంది.”

“ఫిట్స్ మాత్రలురా ఇవి! పిల్లలకి వేసేవి. వేశాం కదా అని ఆ తల్లి నిశ్చింతగా పక్కగదిలోకి వెళ్తుంది. మందులో సత్తువే లేకపోతే? ఎప్పటి ఫాయిల్ రోలు ఇది?”

“గుర్తులేదు.”

“తమ్ముడూ.”

“గుర్తులేదన్నానుగా!”

“మిషనుకి ఎక్కించింది నువ్వు.”

“అవును, నేనే. చూసుకోకుండా ఎక్కించాను. తప్పు నాదే. చాలా? నా పేరు రాసెయ్.”

“ఇంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదే నువ్వు! చిన్నప్పుడు చక్కెర డబ్బా చేతిలో ఉండగానే నేను కాదనేవాడివి.”

“వదిలెయ్ అక్కా. పెట్టెలు నిన్ననే దుకాణాలకి వెళ్లిపోయాయి.”

“ఎన్ని?”

“నూట నలభై.”

“అయ్యో... అసలు ఈ రోలు నీ దాకా ఎలా వచ్చింది? మా గదిలో ఎవరు పాస్ చేశారు?”

“ఎవరైతే ఏంలే...”

“ఎవర్రా? ఊరికే వదిలిపెట్టను.”

“బావ ఆసుపత్రిలో ఉన్న వారం అది. మూడు రోజులు నీకు కంటిమీద కునుకు లేదు. కుర్చీలోనే తూలిపోతున్నావు...”

“... నేనా?”

“నా పేరే రాసెయ్ అక్కా. నాకేం పెళ్లామా, పిల్లలా? ఇంకోచోట పని చూసుకుంటా. నీకలా కాదు, బావ ఇంకా మంచం దిగలేదు.”

“నోర్ముయ్. ఆ ఫోను ఇటివ్వు.”

“ఎవరికి? అక్కా, ఒక్క నిమిషం ఆగు...”

“హలో, మేనేజరుగారూ? నిన్న పంపిన ఫిట్స్ మాత్రలు ఒక్కటీ అమ్మనివ్వకండి, నూట నలభై పెట్టెలూ వెనక్కి రప్పించండి. ఫాయిల్‌కి చిల్లులున్నాయి సార్. ఎవరి తప్పా? పాస్ చేసింది నేనే.”