నిండుకున్నాయన్న మాట

ఆ చట్టి దించు సూరమ్మా. ఎంతసేపు చాపినా నీకు గంజి పొయ్యలేను. గరిటె నా చేతిలో ఉంది గాని, గరిటెకీ ఓ రూలుంది. పక్కకి జరుగు, వెనకవాళ్ళకి పోస్తూ చెప్తాను.

అలా చూడకు. నిన్ను కాదనలేదు. కాదని ఉంటే బాగుండును. ఔనన్నారు, అదే చిక్కు.

నిదానంగా విను. మన పూండి దీనజన సమాజానికి రెండు గుమ్మాలు. పెరటి గుమ్మంలో వచ్చినవాళ్ళకి గంజి. వీధి గుమ్మంలో వచ్చేది సభ్యులు కాగోరేవాళ్ళు, గంజికి బియ్యం ఇచ్చేవాళ్ళు. నిన్న నువ్వు వీధి గుమ్మంలోంచి ఎందుకెళ్ళావే? సరే, పెరడంతా బురదే. నేనూ చూశాను.

లోపల సెక్రటరీ జగన్నాథరావుగారు నిన్ను అడిగిందేటి? "ఇంట్లో బియ్యం ఉన్నాయా అమ్మా?" అని. సభ్యత్వానికి వచ్చిన ఎవరినైనా అదే అడుగుతారు. ఉన్నాయంటే చేర్చుకుంటారు, లేవంటే పెరట్లోకి పంపుతారు. నువ్వేటన్నావు?

"నిండుకున్నాయి బాబూ" అన్నావు.

నీ తప్పేం లేదు. బియ్యం లేవని మన ఇళ్ళల్లో నోటితో అంటామా? కుండ అడుగు కనపడినా నిండుకున్నాయనే అంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. బడిలో పిల్లలకి ఈ పాఠం నేనే చెప్పేదాన్ని. ఆయనేమో బరంపురం అవతల ఒరియా ఊళ్ళో పుట్టినవారు, తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. కుండ నిండా ఉన్నాయనుకున్నారు. "గాలివానకి తెప్ప విరిగిన ఇంట్లో ఎంత ధర్మబుద్ధి" అని కళ్ళు తుడుచుకున్నారట.

మిగతా సభ్యులకి తెలీదా అంటావా? తెలుసు. సభలో ఒక్కరు వద్దంటే చాలు, చేర్చుకోరు, కారణం కూడా చెప్పక్కర్లేదు, అదీ రూలే. ఒక్కరూ అనలేదు. సెక్రటరీగారి కన్నీళ్ళకి అడ్డం పడడం ఎవరికి కావాలి? నేనప్పుడు ఇక్కడ గంజి కలుపుతున్నాను. చప్పట్లు విని వెళ్ళేసరికి సభ్యురాలివని నీ చేతిలో కొబ్బరికాయ పెట్టేశారు.

ఆయనకి చెప్పాను. పలక మీద దిద్దించినట్టు చెప్పాను. పాపం, తెల్లబోయారు. "అయితే పంతులమ్మగారూ, ఆమె తప్పుకుంటానని అర్జీ పెట్టుకోవాలి. వచ్చే పున్నమి సభలో చూద్దాం. అందాకా సభ్యులు గంజి పుచ్చుకోకూడదు కదా" అన్నారు. మంచివారే. రూలు దాటరు.

ఏటి? మనవరాలిని పంపుతావా? అదీ అడిగాను. సభ్యుల ఇంటివాళ్ళకీ కుదరదట.

ఆ కొబ్బరికాయ ఉందా? నిన్ననే కొట్టి పిల్లకి పెట్టేశావా. మంచిపని చేశావు.

మా ఇంటికా?

రావద్దని ఏ రూలూ లేదు. రావచ్చు. నన్నూ వీధి గుమ్మంలోంచే చేర్చుకున్నారు సూరమ్మా, నన్నూ అదే ప్రశ్న అడిగారు. ఉన్నాయన్నాను. అప్పుడు ఉండేవి. తర్వాత గాలివానకి మా అల్లుడి కొబ్బరితోట నేలకొరిగింది. మనవలు నా దగ్గరే ఉన్నారు. పంతులమ్మ ఇల్లు కదా, మళ్ళీ ఎవరూ అడగలేదు. రోజూ ఇక్కడ అందరికీ పోసి, గరిటె కడిగి, ఇంటికి పోతాను.

వస్తే కూర్చోబెడతాను. మంచినీళ్ళిస్తాను. మా ఇంట్లోనూ నిండుకున్నాయే.

ఆ మాటకి అర్థం నీకు నేను చెప్పక్కర్లేదు కదా.