ఏసీ నోరు మూయించిన ప్రసాద్ బాబు

"అన్నా, మా కాయితం సంగతేమాయె?" అని మల్లేశం అడిగాడు. అడగడమే పాపం, ప్రసాద్ బాబు చాయ్ కప్పు టక్కున బల్ల మీద పెట్టేశాడు.

చర్చిలో శుక్రవారం ప్రార్థన అయ్యాక, గల్ఫులో వాడి కబీర్ అనే పేటలో చాయ్ దుకాణం ముందు ముగ్గురం కూర్చున్నాం. వాళ్లిద్దరిదీ రుసైల్ పారిశ్రామికవాడలో ఒకే కంపెనీ. మల్లేశం యార్డులో ఇనుము మోస్తాడు, ప్రసాద్ బాబు ఆఫీసులో క్లర్కు. ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలు బయట పని ఆపాలని రూలు కదా, ఆ మూడు గంటలూ యార్డు వాళ్లు నడుం వాల్చే రేకుల షెడ్డులో ఏసీ జూన్‌లోనే చచ్చింది. బాగు చేయించమని ఇరవై రెండు మంది సంతకాలతో ముదీర్‌కి, అంటే మేనేజరుకి, దరఖాస్తు రాసి ప్రసాద్ బాబు చేతికిచ్చి నెల దాటింది.

"కాయితం, కాయితం! ముదీర్‌ దగ్గరికి కాయితం పట్టుకెళ్లడమంటే ఏవనుకున్నావయ్యా? అసలా ఆఫీసులోంచి మనిషి ప్రాణాలతో బయటికి రావడమే గొప్ప. పదహారు! బయట నలభై ఏడు డిగ్రీలు, లోపల పదహారు! ఆ మహానుభావుడు సూటేసుకొస్తాడు, ఆయనకి చెమట పట్టకూడదని మేమందరం గడ్డకట్టిపోవాలి. రిమోటు ఆయన సొరుగులో, తాళం ఆయన జేబులో. గాలొచ్చే జాలీ ఏమో సరిగ్గా నా నడినెత్తి మీద. లెవి బ్రదర్, మీరు ఆసుపత్రిలో పనిచేసేవారు, మీరే చెప్పండి, ఇది న్యాయమా? నా కుడి భుజం పైకి లేవట్లేదు. ఏడాది ఓర్చుకున్నాను. పోయిన నెల్లో ఓ రోజు లేచి నిలబడి, 'సార్, కాస్త పెంచండి' అన్నాను."

"ముదీర్‌తోటే అన్నవా?" అన్నాడు మల్లేశం.

"మొహమ్మీదే అన్నాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెంచకపోగా ఇంకో రెండు తగ్గించాడు. ఇంక చూస్కోండి, చాయ్ పక్కన పెట్టుకుని ఒక్క లెటరు టైపు కొట్టి చూస్తే కప్పు మీద తెల్లగా పొర. మీగడ అనుకునేరు, మంచు! స్టాప్లర్‌తో పగలగొట్టుకుని నమిలి తాగాను."

"నమిలి తాగారా?" అన్నాను నేను.

"సగం నమిలాను, సగం తాగాను, అడ్డు రాకండి బ్రదర్. మా రిసెప్షన్‌లో సెలిన్ అని ఉంది, పొద్దున్నే హాజరుకి వేలిముద్ర మిషను మీద వేలు పెట్టింది, అంతే, అతుక్కుపోయింది. లాగితే మిషను గోడలోంచి ఊడొచ్చిందిగాని వేలు రాలేదు. పాపం దాన్ని చేతికి వేలాడేసుకునే ఇంటికెళ్లింది. ఆవిడ వంట చేసినా, నిద్రపోయినా మొత్తం డ్యూటీ కిందే రాసుకుంది మిషను!"

"అన్నా," అన్నాడు మల్లేశం, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ. "మొన్న మా యార్డు అంజి షెడ్డుల కండ్లు తిరిగి పడ్డడు."

"అదే చెప్తున్నా, ఆగవయ్యా! దుక్మ్ రేవు నుంచి లారీ నిండా వంజరం చేపలేసుకుని ఒకడు మా గేటు ముందు ఆగాడు. లారీలో కూలింగ్ పోయిందంట. కాసేపు మీ మీటింగ్ రూములో పెట్టుకోనా అన్నాడు, పెట్టుకోమన్నాను. కింద చోటు చాలక కుర్చీల్లో కూడా పెట్టాం. మధ్యాహ్నం ముదీర్‌ మీటింగుకొచ్చాడు. ఆ పొగమంచులో ఆయనకేం కనపడుద్ది? స్టాఫనుకుని ఆ చేపలకి రెండు గంటలు లెక్చరిచ్చాడు. ఒక్కళ్లూ ఎదురు చెప్పలేదని ఆయనకెంత సంతోషమో! మర్నాడు మాతో అంటాడు, నిన్నటిలా బుద్ధిగా ఉండండీ అని. ఒళ్లు మండదా? మేం చేపలకన్నా కనాకష్టమా?"

నాకు నవ్వాగలేదు. మల్లేశం మాత్రం నవ్వలేదు.

"కడుపు రగిలిపోయి లేచి కిటికీ తెరిచాను. ఆ చలి బయటపడి రుసైల్ రోడ్డెక్కింది చూడండీ, లారీల అద్దాలన్నీ తెల్లబడిపోయాయి, అది నిజ్వా దాటి జబల్ అఖ్దర్ కొండెక్కి కూర్చుంది. మంచు కురిసింది! జూలైలో! అక్కడి మేకలు ఇప్పటికీ నన్నే తిట్టుకుంటున్నాయంట. ముదీర్‌ పరిగెత్తుకొచ్చి కిటికీ మూయమన్నాడు. మూయను పో అన్నాను. కుర్చీ మీద కుర్చీ వేసుకునెక్కి, ఆ జాలీ ఊడబీకి, ఇదిగో ఈ కుడిచెయ్యి భుజం దాకా లోపలికి దూర్చాను."

"కుడి భుజం లేవదన్నారుగా?"

"కోపానికి లేచింది బ్రదర్! లోపల చలి పీక చేతికి దొరికింది. ఒక్క పిసుకుడు. ఏసీ కుయ్యోమని నోరు మూసుకుంది. ముదీర్‌ రెండు చేతులూ జోడించి, 'ప్రసాద్ బాబూ, ఈ కంపెనీలో ధైర్యమున్నవాడివి నువ్వొక్కడివే' అన్నాడు. ఆ రోజు నుంచి నా నెత్తి మీద చుక్క గాలి పడితే ఒట్టు. అనుమానముంటే వచ్చి చూసుకోండి!"

"చూసిన," అన్నాడు మల్లేశం.

"ఏం చూశావ్?"

"నిన్న నీళ్ల డబ్బాలు మోసుకొని మీ ఆఫీసుకొచ్చిన. నువ్వు సీట్ల లేవు. పైకి చూస్తే జాలీకి కాయితం అడ్డం పెట్టి నాలుగు దిక్కులా టేపేసి ఉన్నది."

ప్రసాద్ బాబు చాయ్ కప్పు అందుకున్నాడు. అది ఎప్పుడో ఖాళీ అయింది.

"అండ్ల రాత తలకిందులుగ ఉండె. మెడ తిప్పి సదివిన. ఇరవై రెండు సంతకాలు. కింది నుంచి మూడోది నాది. అంజిది ఏలిముద్ర."

నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ఇందాక నవ్వినందుకు నా మీద నాకే వచ్చింది.

"రెండుసార్లు ఆయన తలుపు దాకా వెళ్లానయ్యా," అన్నాడు ప్రసాద్ బాబు. "ఏడాది నుంచీ నా చలి సంగతే నోరు తెరిచి అడగలేకపోయాను. మీదెలా అడగను? ఆ రోజు చలికి తట్టుకోలేక నా సొరుగులో చేతికందింది తీసి..."

"తిట్టనీకి రాలే అన్నా. మా సంతకాలతోటి నీకు చలన్న ఆగిందా?"

"ఆగింది," అన్నాడు ప్రసాద్ బాబు తల వంచుకుని.

"అయితే ఆదివారం పొద్దుగాల నేనొచ్చి కుర్చీ పట్టుకుంట, నువ్వెక్కి తియ్యి. ఇద్దరం కలిసే ముదీర్‌ తాన్కి పోదాం." మల్లేశం తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు. "చినగకుంట తియ్యన్నా. మళ్ల ఏలిముద్ర ఎయ్యనీకి దవఖానల అంజి ఇంకా కండ్లు తెరవలే."