ఎనిమిది దాటిన గాలి

మణుగూరు నుంచి అడవిలోకి దారి మళ్లే చోట వీరబాబు మేస్త్రి డీజిల్ షెడ్డు ఉంది. రెండువేల ఆరు, మే నెల, పట్టపగలు. సంగీత జీపును షెడ్డు గుమ్మం దాకా తెచ్చి నిలిపింది గానీ ఇంజను ఆపలేదు. అడగవలసిన మాట వారం రోజులుగా ఆమె లోపల తిరుగుతూనే ఉంది.

“పద్దెనిమిదంటే పద్దెనిమిదే మేస్త్రీ. తిప్పు స్క్రూ.”

“పిచ్చి లేసిందా సంగీతా? ఎనిమిది దాటి ఒక్క పౌండు గాలి గూడ ఎక్కియ్య.”

“మరి టర్బో ఎందుకు పెట్టినవ్? ఇంజన్ల గాలి కుక్కడానికే గదా?”

“తుక్కు లారీది ఊడదీసి పెట్టిన. అది బయటి సామాను. లోపల పిస్టన్లు, రాడ్లు కంపెనీ రకమే. ఇంజను తనంతట తను పీల్చుకునే గాలికి చేసినయ్ అవి. ఎంత కుక్కితే అంత మోస్తయా?”

“మోస్తనే ఉన్నయ్ గదా.”

“ఎనిమిది దాకా మోస్తయ్. ఆ మీద లోపల్లోపల వంగుతయ్. బయటికేం తెల్వదు. వంగే రోజు గూడ బండి గుర్రం లెక్క గుంజుతది. అదే దాంతోని తంటా.”

“జీపుల అడ్డా మీద ఏమంటున్నరో ఎరుకనా? ఆడిదాని జీపుల ఎక్కితే ఎర్రగుట్ట కాడ దిగి నెట్టాలె అంటున్నరు.”

“నెట్టినోడు ఒక్కడన్న ఉన్నడా?”

“ఒక్కడు లేడు. మొన్న ఆ మాటన్న నాగరాజు బండే ఆడ ఆగింది. నేనే తాడు కట్టి గుంజిన. ఊరంత సూసింది, వాడు మాత్రం సూడనట్టే కూసున్నడు.”

“మరింకేంది? ఎనిమిదితోనే వాణ్ణి గూడ గుంజినవ్. పో, కుండల మజ్జిగున్నది, తాగిపో.”

“నీ మజ్జిగ గ్రీసు వాసనొస్తది.”

“వచ్చినా తాగేటోళ్లు తాగుతనే ఉన్నరు.”

“పద్దెనిమిదికి వంగుతదని నీకెట్ల ఎరుక?”

“ముప్పై ఏండ్ల సంది ఇదే పని.”

“ముప్పై ఏండ్ల సంది మన దిక్కు జీపులకు టర్బోలున్నయా? నువ్వు పెట్టిన మొదటి బండి ఇదే. మా అన్న జగదీషు కోసం పెట్టినవ్. మరి ఎవల బండి వంగంగ సూసినవ్?”

“ఇంజను బంద్ చెయ్యి. వినొస్తలేదు.”

“మంచిది. బంద్ చేసిన. ఇప్పుడు నీ మాట గూడ మంచిగ వినొస్తది. చెప్పు.”

“ఏం చెప్పాలె? ఎండల పడొచ్చి…”

“ఇగో, ఈ ఇనుపముక్క సూడు. ఇదేంది?”

“ఏదీ… యాడ దొరికింది నీకిది?”

“మా అన్న మంచం కింద. గోనెసంచిల సుట్టి పెట్టుకున్నడు. చెప్పు, ఏందిది?”

“కనెక్టింగు రాడ్డు. పిస్టన్ కింద ఉండేది. సూస్తె తెల్వదా?”

“కొడవలి లెక్క వంగింది. గుట్ట మీద అన్న గేరు తప్పిండన్నరు గదా, గేరు తప్పితే గిట్ల వంగుతదా?”

“వంగుతది. ఒక్కోసారి.”

“ఒక్కోసారా! గనిల ఫిట్టరు భీమయ్యకు సూపెట్టిన. గేరు తప్పితే పండ్లు పోతయ్, రాడ్డు గిట్ల ముడుసుకోదన్నడు. మోయలేనంత గాలి కుక్కిండ్రు బిడ్డా, పద్దెనిమిదన్న ఉంటదన్నడు. ఎవరు కుక్కిండ్రు మేస్త్రీ?”

“భీమయ్య జీపెప్పుడన్న ముట్టిండా? డంపర్లు సూసుకునేటోడు…”

“డంపర్ల ముచ్చట నాకెందుకు? ఎవరు?”

“మీ అన్ననడుగు.”

“ఆయన నోరు తెరిస్తే నీ కాడికెందుకొస్త? రెండేండ్లాయె. ఎర్రగుట్ట మీద ఇంజను పట్టేసింది, బండి ఎనక్కి జారి మద్దిచెట్టుకు కొట్టింది, ఎనక కూసున్న కొండమ్మ చెయ్యి పోయింది. జగదీషు గేరు తప్పిండని తండా అంత అన్నది. అందరికంటె ముందు అన్నది నువ్వు.”

“అన్న. కాదనను.”

“ఆ మాట ఆయన మీద పడ్డది. అప్పటిసంది స్టీరింగ్ ముట్టడు. నేను తోలుతుంటె పక్క సీట్ల గూడ కూసోడు, ఎనక పోయి పండుకుంటడు. కండ్లు మూసుకొని గుట్టలెక్కినోడు మేస్త్రీ మా అన్న! ఇప్పుడు మేకల కాడికి పోతడు, వస్తడు. మాట్లాడడు.”

“నాకెరుక లేదా?”

“ఎరుకుంటె రెండేండ్లు ఎట్ల ఊకున్నవ్? కొత్తగ టర్బో బిగించిన మోజుల పద్దెనిమిది నువ్వే పెట్టినవ్. వంగినంక గేరు మీదికి తోసేసినవ్. కాదని అను. నా మొఖం సూసి అను.”

“సంగీతా…”

“అను మరి. అనవేంది?”

“చెప్తే ఏం జేస్తవ్? ఠాణాకు పోతవా?”

“ఠాణాతోని నాకేం పని? తన చేతుల తప్పు లేదని మా అన్నకు తెలిస్తె సాలు. రేపట్నుంచి మళ్ల బండెక్కుతడు.”

“నేనొక్క మాటంటె ఎక్కుతడా?”

“ఎక్కుతడు. మనిషి మళ్ల మనిషైతడు.”

“గంత సులువు గాదు బిడ్డా.”

“నీకు సులువు గాదు. నీ పేరు పోతది. పోనీ! మా అన్న పేరు పోలేదా?”

“కొండమ్మ కొడుకులు షెడ్డుకు నిప్పు పెడ్తరు.”

“నేనొచ్చి అడ్డం నిలవడ్త. ఆమెకు నేనే చెప్పుకుంట. ఎవరికీ భయపడేది లేదు నాకు. నువ్వు చెప్పేదాంక ఈ బండి గుమ్మంల నుంచి తియ్య.”

“రెండు దినాలాగు.”

“రెండేండ్లు ఆగిన.”

“…సరే. నేనే.”

“నువ్వే, ఏంది? గట్టిగ చెప్పు.”

“నేనే పెట్టిన! పద్దెనిమిది పౌండ్లు నేనే పెట్టిన. జగదీషు గేరు తప్పలే. వాని తప్పు ఏం లేదు. సాలునా?”

“సాలు. అన్నా! విన్నవా? ఎనక పట్టా ఎత్తి దిగు అన్నా.”

“విన్న.”

“ఓరి జగదీషూ… బండిలనే ఉన్నవారా నువ్వు?”

“ఉన్నడు. వినాల్నని నేనే తెచ్చిన. రా అన్నా, ఆడనే నిలవడ్డవేంది? ఇగో తాళంచెయ్యి. అడ్డా దాకా నువ్వే తోలు. ఆ నాగరాజు సూడాలె, అందరు సూడాలె.”

“మేస్త్రీ, ఎందుకు నీ నెత్తి మీదేసుకుంటున్నవ్?”

“జగదీషూ, నోర్మూసుకొని తాళంచెయ్యి తీస్కో.”

“నెత్తి మీదేసుకునుడేంది? ఏమంటున్నవన్నా?”

“ఈయన ఎనిమిదే పెట్టిండు చెల్లె. మీదికి తిప్పొద్దురా అని నా చెయ్యి పట్టుకొని మరీ చెప్పిండు. తిప్పింది నేను. గేరు తప్పిందని అనమన్నది గూడ నేనే. అది అందరికీ అర్థమయ్యే తప్పు.”

“అబద్ధం. ఈయనను కాపాడుతున్నవ్.”

“గుట్ట కింద బండి ఆపిన. నీళ్లు పోసుకుంటున్న అని చెప్పి బానెట్ ఎత్తి స్క్రూ తిప్పిన. ఎనక పద్నాలుగు మంది ఉన్నరు, కొండమ్మ కొసకు కూసున్నది. అంత ఎరుకుండే తిప్పిన.”

“మరెందుకు తిప్పినవ్? జల్దీ పోవాల్ననా?”

“జల్దీ ఏం లేదు. ఎనిమిది కాడ ఆగమన్నరు. ఎందుకాగాలె అనిపించింది.”

“సరే! అయిపోయింది. నీ ఒక్కనితోనే అయ్యిందా తప్పు? నేనున్న గదా. భయపడకు, ఎక్కు.”

“భయమనుకుంటున్నవా? వంగిన రాడ్డును రోజూ తీసి సూస్త. సూసినప్పుడల్ల, మెల్లగ తిప్పితె ఇంకొంచెం మోసేదే, నేనే తొందరపడ్డ అనిపిస్తది.”

“అన్నా…”

“తాళంచెయ్యి నీ కాడనే ఉంచుకో చెల్లె. నేనెక్కితే మళ్ల ఆ స్క్రూ తిప్పుత.”