ఆశ పెట్టిన ముప్పై ఎత్తులు

చదరంగం పోటీలో చివరి రౌండ్ ముగిసింది. గెలిచిన అమ్మాయీ, ఓడిన పాత ఛాంపియనూ పక్క గదిలో కూర్చుని ఆ ఆటనే మళ్లీ పేర్చి చూసుకుంటున్నారు.

"ఇదిగోనమ్మా, నలభయ్యో ఎత్తు. ఇక్కడ ఏనుగును జరిపితే నాకు ఆట కట్టే కదా. నీకు కనపడలేదా?"

"కనపడింది సార్."

"మరి ఇంకో ముప్పై ఎత్తులు నన్నెందుకు తిప్పావు? నువ్వు చూడలేదనుకుని, ఎలాగోలా డ్రాతో బయటపడొచ్చని ఆశపడ్డాను."

"ఆశ పెడదామనే."

ఆయన చేతిలోని గుర్రాన్ని బల్లమీద పెట్టేశాడు.

"నేను నీకేం చేశాను?"

"నాకేం చెయ్యలేదు. ఆరేళ్ల కిందట మీరు మా అన్నయ్య చేతిలో ఓడిపోయి, వాడు బాత్రూంలో ఫోన్లో ఎత్తులు చూసొచ్చి ఆడాడని ఫిర్యాదు చేశారు."

"ఆ బక్కపల్చటి అబ్బాయా? ఏదో అనుమానమొచ్చి చెప్పాను. ఏమీ దొరక్క వదిలేశారుగా!"

"మూడు గంటలు కూర్చోబెట్టి, బూట్లు కూడా విప్పించి వదిలేశారు. ఆ తర్వాత ఎక్కడికెళ్లినా అందరూ వాడి జేబులకేసే చూసేవాళ్లు. ఆడటమే మానేశాడు."



"నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇవాళ అందరిముందూ ఓడించావుగా, ఇక నీ కసి తీరినట్టేనా?"

తీరుతుందనే ఆమె కూడా వచ్చింది. తీరా గెలిచాక చూసుకుంటే, లోపలి మంట రవ్వంతైనా తగ్గలేదు.

"వచ్చే నెల పోటీకి పేరిచ్చారా సార్?"

"ఇచ్చాను. ఏం?"

"నేనూ ఇచ్చాను. ఇకమీదట మీరెక్కడ ఆడితే నేనూ అక్కడే ఆడతాను."