మూడో నిమిషం

నా పాత హెడ్‌ఫోను తుడుస్తూ కూర్చున్న మనవరాలి దగ్గర గొప్పలు మొదలుపెట్టాను.

“ప్రభుత్వాఫీసు టెలిఫోన్ బోర్డు మీద ముప్పై ఏళ్లు చేశానే. పెద్దాఫీసరు తుమ్మితే ఏ గదిలో తుమ్మాడో చెప్పేవాణ్ణి. ఒక్కరి ఉసురూ పోసుకోలేదు.”

“ఒక్కరిదీ పోసుకోలేదా తాతా?”

“రికార్డుల గుమాస్తాది తప్ప. ఉద్యోగులకి సొంత కాల్ రోజుకొకటే, అదీ మూడు నిమిషాలే అని రూలు. జబ్బుపడ్డ తల్లితో మాట్లాడాలని ఆయన ఊళ్లో ఆవిడ పక్కింటికి ఫోన్ చేయించుకున్నాడు. ఆవిణ్ణి నడిపించుకొచ్చేసరికే టైమంతా అయిపోయింది. ‘నాయనా’ అన్న మాట నా చెవినా పడింది. అయినా గడియారం చూసి వైరు పీకేశాను.”

“అయ్యో! మళ్లీ కలపలేదా?”

“పరుగెత్తుకొచ్చి బతిమాలాడు. రేపు రమ్మన్నాను. తెల్లారేసరికి ఆవిడ పోయింది.”

“ఆయనేమన్నాడు?”

“‘రూలు రూలే కదన్నా, నీ తప్పేముంది’ అని భుజం తట్టాడు.”

“ఎంత మంచాయనో!”

“మంచాయనే. ఆ మాటా, ఆ భుజం తట్టడమూ మాత్రం నేను కల్పించినవే తల్లీ. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన నన్ను ఒక్క ఫోన్ కాలూ అడగలేదు.”