తొంభై రెండు తలగుడ్డలు

కొండల నడుమ నరీన్ అనే ఊళ్ళో, అత్తగారి బీరువా ఖాళీ చేద్దామని కోడలు తలుపు తీసిందో లేదో, పెద్ద మూటొకటి ఆమె కాళ్ళ మీద పడింది.

"అత్తయ్యా, తొంభై రెండు తలగుడ్డలా! మీకున్నది ఒక్క తలేగా?"

"నాకు కాదే. నేను పోయినప్పుడు వచ్చే ఆడవాళ్ళకి పంచాలి. ఉత్త చేతుల్తో పంపితే ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది."

"అప్పటికి మీ మొహం మట్టిలో ఉంటుందిగా! అయినా సగం మందితో మీకు మాటల్లేవు. ఎవరొస్తారు?"

"వాళ్ళే ముందొస్తారు, నిజంగా పోయానో లేదో చూడ్డానికి."

"మరి చిల్లులు పడ్డ ఇది?"

"అది నాతో మాటల్లేని ఆ బురుల్చాకి. నా పెళ్ళిలో మాంసం ఉడకలేదని ఊరంతా చాటింది."

"ఆవిడ కిందటి చలికాలమే పోయింది కదా!"

"అయితే తీసి పారెయ్. చూశావా, బీరువా ఖాళీ అవుతోంది."

"అన్నిట్లోకీ మంచిది, ఈ తెల్ల పట్టుది అడుగున దాచారే. ఇదెవరికి?"

"నీకే. అందరికంటే గట్టిగా ఏడవాల్సింది నువ్వేగా."

కోడలు ఆ పట్టుగుడ్డని మొహం దగ్గరికి తీసుకుంది.

"ఏయ్, ఇప్పుడే దాంతో కళ్ళు తుడుచుకోకు! కాటుక మరక ఒక పట్టాన వదలదు."